పెట్టె మీది అంకె

“సగం నొక్కేశాడురా వాడు. నువ్వెన్ని చెప్పు, సగం నొక్కేశాడు.”

ఆ మాట పొద్దున కాఫీకి ముందు ఒకసారి, కాఫీ తర్వాత ఒకసారి అయింది. ఇప్పుడు స్నానం చేసి వచ్చి మళ్లీ మొదలుపెట్టాడు ఇంటి పెద్దకొడుకు. ఆయన తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరు. తక్కెడ పళ్లెం అడుగున అంటించిన మైనం ముద్దల్ని గోటితో గీకి పట్టుకోవడంలో ఆయనకి పేరుంది. అలాంటి మనిషి ఇంట్లోకే తక్కువ సరుకు వచ్చిందంటే ఊరుకుంటాడా.

సరుకంటే పెద్దదేం కాదు. కూతురి కంప్యూటరు నత్తలా నడుస్తోందని తమ్ముడు షాపులో కొనుక్కొచ్చి బిగించిన మెమరీ ముక్క. అగ్గిపుల్లంత మందం, అరచేతికి కాస్త ఎక్కువ పొడవు. దాని పెట్టె మీద 3200 అని ఉంది. బిగించాక, వేగం చూపించే ప్రోగ్రాం తెరిచి చూస్తే 1600 అని ఉంది.

“అన్నయ్యా, మొత్తం ఇచ్చాడు.” తమ్ముడు ఓపిగ్గా పళ్లెం పక్కకి జరిపాడు. “ఈ ప్రోగ్రాం చెప్పేది లోపలి గడియారం వేగం. అది కొట్టుకున్న ప్రతిసారీ డేటా రెండుసార్లు కదుల్తుంది. పైకి లేచేటప్పుడొకసారి, కిందికి దిగేటప్పుడొకసారి. పెట్టె మీద రాసేది డేటా లెక్క. పదహారు రెళ్లు ముప్ఫై రెండు.”

“అయితే తెర మీద కూడా ముప్ఫై రెండే చూపించొచ్చుగా?”

“కొన్ని ప్రోగ్రాములు రెట్టించి చూపిస్తాయి. ఇది చూపించదు. మా ఆఫీసులో వాడేదీ ఇదే. ఉన్నదున్నట్టు గడియారమే చెబుతుంది.”

“కిలో అని రాసి అరకిలో తూచి, రెండుసార్లు తినమన్నాడట వెనకటికొకడు.”

కూతురు ఫక్కున నవ్వింది. “బాబాయ్, నాన్న గెలిచారు.”

“గెలవడమేంటే. పెట్టె మీద ఏమని రాశాడు? మెగాహెర్ట్జ్. అంటే గడియారమేగా? గడియారం ముప్ఫై రెండొందలు కొట్టుకోవడం లేదని మీ బాబాయే ఒప్పుకున్నాడు.”

తమ్ముడు ఇక్కడ తడబడ్డాడు. “అది తప్పే. సెకనుకి ఇన్ని ట్రాన్స్‌ఫర్లు అని రాయాలి. కానీ అందరూ అలాగే రాస్తారు అన్నయ్యా.”

“అదీ. కేసు రాస్తాను.”

కుర్చీలో కాళ్లు ముడుచుకుని కూర్చున్న వాళ్లమ్మ అప్పుడు నోరు విప్పింది. “రంపం లాంటిదేమోరా. పోతూ కోస్తుంది, వస్తూ కోస్తుంది. వడ్రంగినడిగితే ఒకసారి లాగానంటాడు. చెక్కనడిగితే రెండుసార్లు తెగానంటుంది.”

“అమ్మకి అర్థమైంది,” అన్నాడు చిన్నకొడుకు.

“నీ మాటలన్నీ అమ్మకి అర్థమవుతాయి. నేను మాట్లాడితే మాత్రం చెవుడొస్తుంది.”

ఇంత జరుగుతున్నా ఇంటి పెద్దకోడలు అందరి మంచినీళ్ల సీసాలూ నింపుతోంది. ఆమె ఆఫీసులకి ఫినాయిల్, నేల తుడిచే యంత్రాలు సరఫరా చేసే కంపెనీలో సూపర్‌వైజరు. ఇంట్లో అందరికీ తెలిసింది అంతే. ఫోను కిర్రుమంది. కంపెనీ నుంచి సందేశం: ‘పై అంతస్తులో మరక. మీరే రావాలి.’

ఆమె కొంగు దోపుకుని సంచీ అందుకుంది. గుమ్మం దగ్గర మరిది వెనకాలే వచ్చాడు.

“వదినా, ఆదివారం తను వస్తానంది. అమ్మతో నువ్వే చెప్పు. నేను చెబితే పెళ్లి ముహూర్తం దాకా వెళ్లిపోతుంది.”

“చెబుతాలే,” అంది ఆమె.

*

లాండ్రీ షాపు పైన రెండు గదులు. కింద ఇస్త్రీ ఆవిరి లేస్తుంటే పై గది నేల ఎప్పుడూ గోరువెచ్చగా ఉంటుంది. గూఢచారి శాఖ ఆఫీసు అదే. బయట బోర్డు మీద ఫినాయిల్ కంపెనీ పేరు. లోపల డైరెక్టర్, ఆయన దగ్గుబిళ్లల డబ్బా, గోడ నిండా తాళాలు వేసిన బీరువాలు.

శాఖలో ఆమె పేరు ‘పెద్దకోడలు’. డైరెక్టర్‌కి మారుపేర్ల విషయంలో పెద్ద ఊహాశక్తి లేదు. మనిషిని చూసి ఏది తోస్తే అది పెట్టేస్తాడు. ఆ పేరుతోనే ఆమె మూడు సరిహద్దులు దాటింది. ఒకసారి నర్సుగా, ఒకసారి శవానికి బంధువుగా. ఇంటికి మాత్రం ఎప్పుడూ స్టాకు చూసే పని మీద వెళ్లొచ్చినట్టే తిరిగొచ్చింది.

“కూర్చోండి. టిఫిన్ చేశారా?”

“చేశాను సార్.”

“అద్దెవాళ్లు మన ఇంట్లోకి వచ్చేశారు.”

అద్దెవాళ్లంటే సరిహద్దు అవతలి గూఢచారి ముఠా. ఇల్లంటే రహస్య సంకేతాల కేంద్రం. బయటి దేశాల్లో పనిచేసే శాఖ మనుషుల పేర్లు, చిరునామాలు అన్నీ అక్కడి యంత్రాల్లో ఉంటాయి, తాళం వేసి. ఆ తాళానికి కొత్త కీ ఇవాళ సాయంత్రం నాలుగింటికి యంత్రాల్లోకి ఎక్కుతుంది. పాత కీ బయటికి పొక్కినందువల్ల ఇప్పటికే ఇద్దరు పోయారు. ఒకతను రైలు స్టేషన్లో. ఒకామె తన వంటింట్లో, పొయ్యి వెలుగుతుండగానే.

వంటింట్లో పోయినామె పెద్దకోడలితో కలిసి ట్రైనింగ్ అయింది. ఆ వార్త విన్న రోజు పెద్దకోడలు ఇంటికెళ్లి దుప్పట్లు ఉతికింది. ఏడుపు వస్తుందేమోనని కాసేపు చూసింది. రాలేదు. ఆరేసిన దుప్పట్లు లోపలికి తెచ్చి మడతపెట్టింది.

“చిన్నకోడలు రిపోర్టు ఇచ్చింది,” అన్నాడు డైరెక్టర్, ఒక ఫైలు ముందుకు తోసి.

చిన్నకోడలు కూడా మారుపేరే. ముఠాలోకి శాఖ ఎక్కించిన మనిషి ఆమె. ముఠాకి తను వాళ్ల మనిషినని నమ్మించి, వాళ్ల గుట్టు శాఖకి చేరవేస్తుంది. ఆర్నెల్లుగా సంకేతాల కేంద్రంలో కన్సల్టెంటు వేషంలో ఉంది. అక్కడి మెమరీ ముక్కలు చూసుకునే టెక్నీషియన్ మీద అనుమానం వచ్చి, అతనికి దగ్గరై కూపీ లాగమని పంపారు. టెక్నీషియన్ ఆమెని ఒకసారి ఇంటికి కూడా పిలిచాడు. ఆమె అత్తగారి చేతి వంట మెచ్చుకుని, గిన్నెలు కడగబోయి, పెద్దకోడలి వంక చూసి అమాయకంగా నవ్వి వెళ్లింది. అప్పట్నుంచే డైరెక్టర్ ఆమెని చిన్నకోడలు అనడం మొదలుపెట్టాడు.

“యంత్రాల్లో అసలు మెమరీ తీసేసి దొంగ మెమరీ పెట్టారు. దాన్లోంచి పోయే ప్రతి అక్షరాన్నీ అది కాపీ చేసుకుంటుంది. పెట్టింది ఎవరో కూడా తేలింది.” డైరెక్టర్ దగ్గుబిళ్ల నోట్లో వేసుకున్నాడు. “మీ మరిది.”

కింద ఇస్త్రీ పెట్టె బుస్సుమంది.

“సాధారణంగా బంధువుల కేసు బంధువులకి ఇవ్వం. కానీ ఆ గదిలోకి మీరు వెళ్తే అతను బెదరడు. వదిన బకెట్‌తో వచ్చిందనుకుంటాడు. ఇదిగో అరెస్టు ఆర్డరు. కేసు మీది కనుక సంతకం మీదే కావాలి.”

రిపోర్టు రెండు పేజీలు, దానికి కుట్టిన ఆర్డరు మూడోది. ఆమె మొదటి రెండూ తిప్పి, మూడోదాని అడుగున గీత ఎక్కడుందో చూసి సంతకం పెట్టింది. పాలవాడి చీటీ మీద పెట్టినట్టు పెట్టింది. కలం క్యాపు పెట్టి తిరిగి ఇచ్చింది.

“ఏమైనా అడగాలా?”

“ఎప్పుడు తీసుకెళ్తారు?”

“కీ ఎక్కడం మొదలవగానే. క్యాంటీన్‌లో మనవాళ్లుంటారు. చిన్నకోడలు అతన్ని కిందికి పంపిస్తుంది. మీరు గదిలో ఉండి ఏ యంత్రాన్నీ ఎవరూ ముట్టుకోకుండా చూడాలి.”

“ఇంట్లో ఏమని చెప్పాలి?”

“ట్రైనింగ్‌కి పంపారని.”

“ఎన్నాళ్ల ట్రైనింగ్?”

డైరెక్టర్ బిళ్ల చప్పరిస్తూ ఆలోచించాడు. “వాళ్లు అడగడం మానేసేదాకా.”

*

సంకేతాల కేంద్రం మూడో అంతస్తులో కిటికీలు లేని గది. ఎండాకాలంలో కూడా స్వెటర్లు వేసుకునేంత చలి. గోడ వారగా బీరువాల్లాంటి ఎనిమిది యంత్రాలు, ఒక్కోదాని నెత్తిన ఒక్కో చిన్న తెర. తేనెపట్టు దగ్గర నిలబడితే వినిపించేలాంటి రొద.

తోపుడు బండి మీద ఫినాయిల్ డబ్బాలు, గుండ్రటి బ్రష్షుతో నేల పాలిష్ పట్టే యంత్రం. మాప్ కర్రలో వైర్‌లెస్. ఒక ఫినాయిల్ డబ్బా అడుగున మూడంగుళాల పిస్తోలు. పెద్దకోడలు వేషం వేసుకోవలసిన అవసరం రాలేదు. తనే తన వేషం.

“వదినా, ఇవాళ మా అంతస్తా?” మరిది ఎదురొచ్చి బకెట్ అందుకున్నాడు. “ముందు చెబితే కుర్చీలన్నీ జరిపించేవాణ్నిగా. అన్నయ్య షాపుకి వెళ్లాడా?”

“కేసు పుస్తకం జేబులో పెట్టుకుని వెళ్లారు.”

“ఆ షాపువాడు పాపం మంచివాడు. నేనే వెళ్లి క్షమాపణ చెప్పాలి రేపు.”

రేపు అన్న మాట ఆమె చెవిన పడింది. పడి అక్కడే ఉంది. ఏదో ఒకటి అనిపించాలి కదా అని ఒక్క క్షణం ఆగి చూసుకుంది. స్విచ్చు వేశాక వెలగని బల్బు వంక చూసినట్టు.

“ఏయ్, నిన్ను కింద క్యాంటీన్‌కి రమ్మంటున్నారు. ఎవరో పెద్దాఫీసరట.” తలుపు దగ్గర్నుంచి వచ్చిన గొంతు మెత్తగా ఉంది. చిన్నకోడలు. కత్తిరించిన జుట్టు, బూడిద రంగు కోటు, ఆ గదిలోని ఫినాయిల్ వాసనని ఓడించే సెంటు. నడుస్తుంటే మడమల చప్పుడు కూడా ఖరీదైనదిగా వినిపిస్తుంది.

మరిది బకెట్ కిందపెట్టి, ఆమె వంక చూసి, చెవులు ఎర్రబడి, వెళ్లిపోయాడు.

తలుపు మూసుకుంది.

“నేల ఇంకా తడిగానే ఉందా?” అంది చిన్నకోడలు.

“గాలి తగిల్తే ఆరుతుంది.”

సంకేతం కుదిరింది. చిన్నకోడలు భుజాలు వదులు చేసింది. “సంతకం పెట్టావటగా అక్కా. నేనైతే రెండురోజులు అన్నం తినలేకపోయేదాన్ని.”

“ఏం చూసి పట్టావు?”

“చూడు. చిన్నపిల్లాడికైనా తెలుస్తుంది.” చిన్నకోడలు గోళ్ల రంగు మెరిసే వేలితో తెరల్ని ఒక్కొక్కటే చూపించింది. “అన్నింటికీ కొన్న మెమరీ ఒకటే. పెట్టె మీద 3200. ఈ ఏడూ ఎంత చూపిస్తున్నాయి? 1600. సగం. అంటే అసలు ముక్కలు తీసేసి, నిదానంగా నడిచే దొంగవి పెట్టేశాడు. ఇదొక్కటే ముట్టుకోలేదు.”

చివరి యంత్రం నెత్తిన తెర మీద 3200 అని ఉంది.

“అందుకని కొత్త కీ ముందు దీన్లోకే ఎక్కించమని చెప్పాను సార్‌కి. మిగతావాటి సంగతి తర్వాత చూసుకోవచ్చు.”

పెద్దకోడలు ఎనిమిది తెరల వంకా చూసింది. బస్సు బోర్డు చదివినట్టు చదివింది. ఒకటి, రెండు, మూడు, అన్నీ ఒకే మాట. చివరిది వేరే మాట.

కిలో అని రాసి అరకిలో తూచి. భర్త గొంతు. ఇది చూపించదు. మరిది గొంతు.

రిపోర్టు రెండు పేజీల్లో ఈ అంకెలే ఉండి ఉంటాయి. చదివుంటే పొద్దునే తెలిసేది.

“ఈ ప్రోగ్రాం ఎనిమిదింట్లో ఒకటేనా?” అని అడిగింది.

“అన్నింట్లో ఒకటే. ఏం?”

“ఊరికే.” ఆమె ఫోను తీసింది. “ఉండు, ఇంట్లో ఒక గొడవ. ఒక్క నిమిషం.”

చిన్నకోడలు కళ్లు తిప్పుకుని వాచీ చూసుకుంది. ఇళ్లల్లో గొడవలంటే ఆమెకి ఆవలింత వస్తుంది. ఆర్నెల్లుగా విని విని ఉంది.

“ఎక్కడున్నావు?” అంది పెద్దకోడలు ఫోనులో.

“క్యాంటీన్లోనే వదినా. కూర్చోమన్నారు. ఎదురుగా ఇద్దరు కూర్చున్నారు. టీ తెప్పించుకుని తాగకుండా నన్నే చూస్తున్నారు.”

“మీ అన్నయ్య షాపువాడితో పోట్లాటకి దిగారు. నువ్వు పెట్టిన ఆ ప్రోగ్రాంలో పెట్టె మీది అంకె ఎప్పుడైనా కనపడుతుందా అని అడుగుతున్నారు. సెట్టింగు ఏదైనా మారిస్తే?”

మరిది నవ్వాడు. “కనపడదని చెప్పు. దానికి రెట్టించడం రాదు. గడియారం ఎంతుంటే అంత. మెమరీ బాగుంటే పదహారొందలు. బాగోకపోతే ఇంకా తక్కువ.”

“ఎక్కడైనా ఒకచోట ముప్ఫై రెండొందలని కనబడితే?”

“కనబడితే ఆ ప్రోగ్రాం చేత ఎవరో అబద్ధం చెప్పిస్తున్నట్టు లెక్క. పెట్టె చూసి చిలక్కి నేర్పినట్టు నేర్పుంటారు. ఎందుకు వదినా?”

“ఏంలేదు. టీ చల్లారిపోతుంది, తాగు.”

ఆమె ఫోను సంచీలో వేసింది. గదిలో రొద మారలేదు. చివరి యంత్రం తెర మీద ఒక ఆకుపచ్చ గీత పుట్టింది. పై అంతస్తు నుంచి కీ బయల్దేరింది. గీత చివరికి చేరితే మొత్తం కీ ఆ మెమరీలో ఉంటుంది. ఉన్న మరుక్షణం సరిహద్దు అవతల కూడా ఉంటుంది.

మాప్ కర్ర బండి అవతల, చిన్నకోడలి పక్కన ఉంది. పిస్తోలున్న డబ్బా కింది అరలో. మరీ అన్నీ దూరంగా పెట్టుకున్నావే అని అత్తగారు వంటింట్లో దెప్పినట్టే అనిపించింది.

పెద్దకోడలు పాలిష్ యంత్రం పిడి పట్టుకుని స్విచ్చు నొక్కింది. బ్రష్షు గిర్రున తిరిగింది. నేల మీద వెనక్కీ ముందుకీ ఆడిస్తూ చివరి యంత్రం వెనక్కి నడిచింది. అక్కడ గోడకి లావాటి ప్లగ్గు.

“అక్కా.”

“ఆ.”

“అటెందుకు?”

“మూలల్లోనే దుమ్ముంటుంది.”

చిన్నకోడలు కోటు జేబులోంచి లిప్‌స్టిక్ తీసింది. మూత తిప్పింది. అది లిప్‌స్టిక్ కాదు. సన్నటి గొట్టం పెద్దకోడలి గుండె వైపు చూసింది.

“పక్కకి జరుగు అక్కా. ప్లగ్గు దగ్గర్నుంచి. మెల్లగా.”

“ఎవరి మనిషివి నువ్వు?”

“మొదట మీ మనిషినే. తర్వాత వాళ్లు బాగా చూసుకున్నారు.” గొంతులో ఇప్పటికీ మెత్తదనం పోలేదు. “నీకేం పోయింది చెప్పు. మరిది మీద సంతకం పెట్టేశావు. అక్కడ చేసినదానికంటే ఇక్కడ చెయ్యాల్సింది తక్కువ. నిలబడు. అంతే.”

ఆకుపచ్చ గీత ముప్పావు దాటింది.

పెద్దకోడలికి భయం వేయలేదు. అది ధైర్యం కాదని ఆమెకి తెలుసు. నీళ్లు లేని బావిలో రాయి పడితే చప్పుడు రానట్టే అది.

నేల పాలిష్ పట్టే యంత్రంతో ఒక చిక్కుంది. దాన్ని రెండు చేతులా బిగించి పట్టుకోవాలి. పిడి వదిలితే కట్టు తెంపుకున్న గేదెలా పక్కకి పోతుంది. కొత్తగా చేరిన ప్రతి పనిమనిషికీ పెద్దకోడలు మొదటిరోజు చెప్పే పాఠం అదే. ఇరవై కిలోల బ్రష్షు మడమలకి తగిలితే ఏమవుతుందో కూడా చెబుతుంది.

ఆమె స్విచ్చు మీద ఎడమ బొటనవేలు అలాగే నొక్కి ఉంచి, కుడిచేత్తో పట్టిన పిడి వదిలేసింది.

యంత్రం గిర్రున అడ్డంగా కొట్టుకుపోయింది. చిన్నకోడలి ఖరీదైన మడమలు గాల్లోకి లేచాయి. గొట్టం ఠప్పుమంది. పైకప్పులోంచి సున్నం రాలింది. పెద్దకోడలు రెండు చేతులతో ప్లగ్గు పట్టుకుని వెనక్కి వాలిపోయింది. అది ఊడి వచ్చింది.

ఆకుపచ్చ గీత అంచు తాకడానికి వెంట్రుకవాసి ఉండగా తెర నల్లబడింది. కరెంటు లేని మెమరీకి ఏదీ గుర్తుండదు. పుట్టినప్పటిలా ఖాళీ అయిపోతుంది. ఆ యంత్రానికి ఇక ఏ కీ తెలియదు, ఏ పేరూ తెలియదు.

చిన్నకోడలు నేల మీద కూర్చుని మడమ పట్టుకుంది. పెద్దకోడలు డబ్బా అడుగు విప్పి పిస్తోలు తీసి ఆమె ఎదురుగా స్టూలు మీద కూర్చుంది. మాప్ కర్రలో రెండు ముక్కలు మాట్లాడింది. క్యాంటీన్‌లో ఉన్నవాళ్లని పైకి రమ్మంది. కూర్చున్న కుర్రాణ్ని కదిలించొద్దంది.

“ఎలా తెలిసింది?” అంది చిన్నకోడలు.

“అంకె సరిగ్గా ఉంది.”

“సరిగ్గా ఉంటే?”

“ఆ ప్రోగ్రాం పెట్టె మీది అంకె చెప్పదు. సగమే చెబుతుంది. ఏడు యంత్రాలూ నిజమే చెప్పాయి. మీవాళ్ల మెమరీ నిదానమై ఉంటుంది. అది తెలిసిపోకుండా ప్రోగ్రాంకి పెట్టె చూపించి నేర్పారు.”

చిన్నకోడలు మెల్లగా నవ్వింది. “మీ మరిది ఈ మెమరీ సంగతులు నాకు చెప్పబోయేవాడు. కాఫీ తాగుతూ, సినిమాలో, ఎక్కడపడితే అక్కడ. మొదలెట్టగానే వేరే మాట ఎత్తేదాన్ని. ఒక్కసారి విని ఉంటే ఈ తప్పు జరగనిచ్చేదాన్నా?”

“వినాల్సింది.”

“అతనికి చెబుతావా? నా సంగతి.”

మెట్ల మీద బూట్ల చప్పుడు వినిపించింది.

డైరెక్టర్ స్వయంగా వచ్చాడు. ఏడు తెరలూ, నల్లబడ్డ ఎనిమిదోదీ చూశాడు. జేబులోంచి అరెస్టు ఆర్డరు తీసి నాలుగు ముక్కలు చేసి ఫినాయిల్ బకెట్‌లో వేశాడు. ముక్కలు తేలాయి. ఒకదాని మీద ఆమె సంతకం సిరా నీలంగా కరిగింది.

“సంతకం పెట్టేటప్పుడే మీకు అనుమానం వచ్చి ఉంటుంది,” అన్నాడు. “అందుకే అంత నిబ్బరంగా పెట్టారు.”

“లేదు సార్. అనుమానం ఏమీ రాలేదు.”

“మరి?”

“చదవలేదు.”

డైరెక్టర్ ఆమె వంక మెచ్చుకోలుగా చూశాడు. “సొంత మరిదని కూడా చూడకుండా పెట్టారు. ఇలాంటివాళ్లు దొరకరమ్మా. ఒక పదిమందుంటే ఈ శాఖ ఎక్కడికో పోతుంది.”

ఆమె తన కుడిచెయ్యి వంక చూసుకుంది. చెయ్యి మామూలుగానే ఉంది. వణకడం లేదు. పొద్దున కూడా వణకలేదు. గది చలికి వేళ్లు తెల్లబడి ఉన్నాయి. వాటిని ఒకదానితో ఒకటి రుద్దింది. ఎంతసేపు రుద్దినా రుద్దుతున్నట్టు తెలియలేదు.

*

చీకటి పడేసరికి అందరూ బల్ల చుట్టూ చేరారు. అత్తగారు వడ్డిస్తోంది. వడ్డించే పని ఆమె ఎవరికీ వదలదు. ఎవరు ఎంత తిన్నారో ఆమెకి తెలియాలి.

“రెండు గంటలు కూర్చోబెట్టారమ్మా,” అంటున్నాడు చిన్నకొడుకు. “ఆ పెద్దాఫీసరు రానేలేదు. చివరికి ఎవరో వచ్చి ఇంక వెళ్లొచ్చు అన్నారు. టీ డబ్బులు వాళ్లే ఇచ్చారు, అదొకటి నయం.” ఫోను తీసి చూసి మళ్లీ బోర్లా పెట్టాడు. అది ఎన్నోసారో. “తను కూడా ఎత్తడం లేదు.”

“ఏ పనిలో ఉందో,” అంది అత్తగారు. “పెద్ద ఉద్యోగం కదరా.”

“ఆ అమ్మాయి రాదు,” అంది పెద్దకోడలు.

గరిటె ఆగింది.

“ఇవాళ సాయంత్రం నేనక్కడే ఉన్నాను. తన సామాను తీసుకుని వెళ్లిపోయింది. మళ్లీ రాదు. ఫోను కూడా చెయ్యదు.” గొంతు ఎప్పటిలాగే ఉంది. “నువ్వు చేసిన తప్పేమీ లేదు. అది మాత్రం నాకు బాగా తెలుసు.”

మరిది తల దించుకున్నాడు. పళ్లెంలో వేలితో గీతలు గీశాడు. అన్న ఏదో అనబోయి, తమ్ముడి ముఖం చూసి, మంచినీళ్ల గ్లాసు అతనికి దగ్గరగా జరిపాడు. జీవితంలో మొదటిసారి ఆయన ఒక లెక్క తేల్చకుండా వదిలేశాడు. కూతురు బాబాయి కుర్చీ పక్కకి తన కుర్చీ లాక్కుంది.

కొంతసేపటికి మరిది తలెత్తాడు. “నువ్వు చెప్పావు కాబట్టి సరిపోయింది వదినా. ఇంకెవరైనా చెబితే నమ్మేవాణ్ని కాదు.”

ఆ మాట ఆమె లోపలికి వెళ్లింది. చాలా దూరం వెళ్లింది. ఎక్కడో అడుగున, చాలా ఆలస్యంగా, సన్నగా ఒక చప్పుడు చేసింది. నొప్పో మరొకటో తెలియలేదు. తెలియకపోయినా ఏదో ఒకటి వినబడింది, అంతే చాలనుకుంది.

ఆమె చెయ్యి కడుక్కుని వచ్చి మళ్లీ తన చోట కూర్చుంది.

“ఇంకో మాట,” అంది. “నేను ఉద్యోగం మానేశాను. వచ్చేముందే రాసిచ్చేశాను. రేపట్నుంచి వెళ్లను.”

భర్త ఎందుకని అడగలేదు. “సరే,” అన్నాడు, కాస్త ఆగి. “ఆలోచించే చేసి ఉంటావు.” కూతురు, “అయితే రోజూ ఇంట్లోనే ఉంటావా?” అంది, నమ్మకం కుదరనట్టు. “ఉంటాను,” అంది తల్లి.

ఇన్నేళ్లుగా పక్కింటివాళ్ల దగ్గర, కూరల బండి దగ్గర, మెట్ల మీద కనబడ్డ ప్రతివాళ్ల దగ్గర ఆమె గంటలకొద్దీ పనికిరాని కబుర్లు చెప్పేది. వసపిట్టని ఎవరూ అనుమానించరని ట్రైనింగులో మొదటివారమే నేర్పారు. ఇంటి చుట్టుపక్కల నాలుగు వీధుల్లో ఆమెకి ఆ పేరు స్థిరపడిపోయింది.

అత్తగారు మిగిలిన అన్నం గిన్నె మీద మూత పెట్టింది.

“మానేస్తే మానేశావులే. కానీ నాలుగు రోజులు బయట ఎవరి దగ్గరా నోరు జారకు,” అంది కోడలి వంక చూడకుండానే. “అసలే నీ నోట్లో నువ్వుగింజ నానదు.”